కామెంట్లలో తప్పులు పట్టడానికి ఏ వల వేయాలి?

ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. మేం నలుగురం భీమవరంలో కూర్చుని రొయ్యల మేత డీలర్ల కోసం లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. ఇంగ్లీషులో ‘రిసీవ్’ స్పెల్లింగు రాసేటప్పుడు సీ తర్వాత ముందు ఈ, ఆ వెనక ఐ రావాలి. మా కోడ్ నిండా అది తిరగబడి ఉండేది. మొదట రాసింది నేనే. తర్వాత వచ్చినవాళ్లు నన్ను చూసి అలాగే రాసుకుంటూ పోయారు. ఓ రాత్రి ఓపిక పుట్టి ఎడిటర్లో ‘అన్నీ మార్చు’ నొక్కేశాను. కామెంట్లు, అంటే కోడ్ పక్కన మనుషుల కోసం రాసుకునే వ్యాఖ్యలు, బాగుపడ్డాయి. గొడౌన్‌కి చేరిన బస్తాల లెక్కని సర్వర్ నుంచి ఫోన్‌కి మోసుకెళ్లే ఫీల్డు పేరు కూడా వాటితోపాటే బాగుపడింది. డీలర్ల ఫోన్లలో ఉన్న యాప్‌కి మాత్రం ఆ పేరు తప్పు స్పెల్లింగుతోనే తెలుసు.

పొద్దున్న ఐదున్నరకి ఉండి అనే ఊళ్లోని డీలరు నుంచి ఫోను.

“ఏవయ్యా, రాత్రి రెండొందల బస్తాలు దించాను. నీ యాప్‌లో చూస్తే సున్నా అంటంది. ఎలకలు తినేశాయంటావా?”

“లేదు బాబాయ్ గారూ, తప్పు నాదే. ఓ పావుగంట ఆగండి.”

పావుగంట అన్నది గంటన్నర అయింది.

ఆ రోజు నుంచీ స్పెల్లింగు తప్పులు పట్టే పరికరాలు ఒక్కొక్కటే వాడి చూస్తూ వచ్చాను. కోడ్‌స్పెల్ పెట్టాలా, సీస్పెల్ పెట్టాలా, వేల్ అంటున్నారు అదేంటి అని కొట్టుమిట్టాడుతున్నవాళ్లకి నాకు తేలిన లెక్క ఇది.

## ఏం చూసుకుని ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సింది: ఆ మాటని చదివేది మనిషా, యంత్రమా? కామెంటు, వాడుక పుస్తకం మనిషి చదువుతాడు. ఎన్నిసార్లు దిద్దినా నష్టం లేదు. డేటాబేసులో కాలమ్ పేరు, ఏపీఐలో (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ఫీల్డు పేరు, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో కీ, వీటిని ఇంకో ప్రోగ్రాం చదువుతుంది. కాకినాడ టౌన్ స్టేషన్‌కి రైల్వే కోడు ఇప్పటికీ సీసీటీ. ఇంగ్లీషువాళ్లు కొకనాడ అని రాసుకున్న రోజుల్నాటి సీ అది. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, స్టేషన్ కోడు మాత్రం ఆర్‌జేవైగానే ఉండిపోయింది. బోర్డు మీద పేరు మార్చడం తేలిక. టికెట్ల కంప్యూటర్లన్నిటికీ తెలిసిన కోడు మార్చడం వేరే సంగతి.

వెబ్‌లోనూ ఇలాంటిదొకటి ఉంది. మీరు ఏ పేజీ నుంచి వచ్చారో సర్వర్‌కి చెప్పే ‘రెఫరర్’ హెడర్ పేరులో ఒక ఆర్ తగ్గింది. 1996లో వచ్చిన ‘ఆర్‌ఎఫ్‌సీ 1945’ అనే వెబ్ నియమాల పత్రంలో ఆ తప్పు అలాగే అచ్చయింది. బ్రౌజర్లన్నీ ఇవాళ్టికీ దాన్ని తప్పుగానే పంపుతున్నాయి. తర్వాత వచ్చిన ‘రెఫరర్ పాలసీ’ హెడర్‌లో స్పెల్లింగు సరిగ్గానే రాశారు. పాతదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ రెంటికీ మధ్య ఒక రకం ఉంది, తెర మీద కనపడే వాక్యాలు. అనువాదాలకి గెట్‌టెక్స్ట్ అనే పరికరం వాడితే, మూలంలో ఉన్న ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. అందులో ఒక్క అక్షరం దిద్ది ఫైళ్లు తాజా చేస్తే ఆ వాక్యానికి తెలుగు అనువాదం మీద ‘ఫజ్జీ’ ముద్ర పడుతుంది. ఎవరో ఒకరు చూసి ఆ ముద్ర తీసేదాకా వాడేవాళ్లకి తెలుగు బదులు ఇంగ్లీషు కనిపిస్తుంది. దిద్దేటప్పుడు అనువాద ఫైలు కూడా పక్కన తెరిచి పెట్టుకోవాలి.

రెండోది గోల, అంటే తప్పు కానిదాన్ని తప్పని అరవడం. ఈ పరికరాలు రెండు జాతులు. ఒక జాతి తెలిసిన తప్పుల జాబితా పెట్టుకుని వాటినే వెతుకుతుంది. ఇంకో జాతి నిఘంటువులో లేని ప్రతి మాటనీ తప్పంటుంది. మొదటిది కన్ను పెద్ద వల. కొన్ని జారిపోతాయిగానీ పడినవి దాదాపు చేపలే. రెండోది సన్న కన్ను వల. చేపతోపాటు నాచు, గుర్రపుడెక్క, తెగిన చెప్పులు అన్నీ వస్తాయి. మా కోడ్ మీద సన్న కన్ను వల మొదటిసారి వేసినప్పుడు తణుకు, ఆకివీడు, పాలకొల్లు, ముమ్మిడివరం, మొగల్తూరు, అన్నీ తప్పులే అంది. డెల్టాలో ఊళ్ల పేర్లతో పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఈ బాధ తప్పదు.

మూడోది, తప్పుని ఎక్కడ ఆపాలి. టైపు చేస్తుండగానే ఎడిటర్లో ఎర్రగీత పడాలా, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేసేటప్పుడు, అంటే మార్పుని నమోదు చేసేటప్పుడు ఆగాలా, పుల్ రిక్వెస్ట్, అంటే ఆ మార్పుని కలుపుకోమన్న విన్నపం, వచ్చాక సర్వర్ చూడాలా. ఎంత ముందు పట్టుకుంటే అంత చవక. కాకపోతే ఎడిటర్ సెట్టింగు ఎవరిది వాళ్లది, సర్వర్ నియమం అందరిదీ.

ఇంకోటి, ఏ దేశపు ఇంగ్లీషు. మన బళ్లలో నేర్పింది బ్రిటిషు స్పెల్లింగు, ప్రోగ్రామింగ్ లోకంలో నడిచేది ఎక్కువగా అమెరికాది. ‘కలర్’లో యూ ఉండాలా వద్దా అన్నది మొదటిరోజే తేల్చేసుకోండి. ఏదైనా ఒకటే. మేం అమెరికాది తీసుకున్నాం, వాదించే ఓపిక లేక.

## ఒక్క చూపులో

| పరికరం | తప్పుని ఎలా గుర్తుపడుతుంది | గోల | కలిపి రాసిన పేర్లలో | దేనికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| కోడ్‌స్పెల్ | తెలిసిన తప్పుల జాబితా | తక్కువ | అండర్‌స్కోర్‌తో కలిస్తే ఒకే మాట అనుకుంటుంది | పాత ప్రాజెక్టు, కామెంట్లు |
| టైపోస్ | తెలిసిన తప్పుల జాబితా | తక్కువ | విడదీసి చూస్తుంది | పెద్ద ప్రాజెక్టు, ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ |
| సీస్పెల్ | నిఘంటువు | మొదట్లో బాగా ఎక్కువ | విడదీసి చూస్తుంది | ఎడిటర్లో, కొత్త ప్రాజెక్టులో |
| వేల్ | నిఘంటువు, శైలి నియమాలు | మీరు పెట్టే నియమాలను బట్టి | కోడ్ ముక్కల్ని వదిలేస్తుంది | డాక్యుమెంటేషన్ |
| విమ్, ఈమాక్స్ ఎడిటర్లు | నిఘంటువు | మీ ఒక్కరికే | పెద్దగా చూడక్కర్లేదు | ఒంటరిగా రాసేవాళ్లకి |

## కోడ్‌స్పెల్

పైథాన్‌లో రాసింది. పైథాన్ ప్రోగ్రాంలు దించుకునే పిప్‌తో పెట్టుకుని ఫోల్డర్లో నడిపితే చాలు. ఏ ఫైలు, ఎన్నో లైను, తప్పేది, ఒప్పేది వరసగా చూపిస్తుంది. డబ్ల్యూ స్విచ్ ఇస్తే తనే దిద్దేస్తుంది. ఒక తప్పుకి రెండు మూడు ఒప్పులు ఉండే అవకాశం ఉంటే మాత్రం చెయ్యి పెట్టదు, చూపించి ఊరుకుంటుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

దీనితో తెలుగువాళ్లకి ఒక తమాషా ఉంది. మన భాషకి అంతర్జాతీయ కోడు టీ, ఈ అనే రెండక్షరాలు. కోడ్‌స్పెల్‌కి అది ‘ద’ అనబోయి హెచ్ మర్చిపోయిన మాట. భాషల జాబితా ఉన్న ప్రతి ఫైల్లోనూ తెలుగుని తప్పంటుంది. వదిలేయాల్సిన మాటల జాబితాలో మొట్టమొదట దాన్ని చేర్చండి.

అండర్‌స్కోర్‌తో కలిపి రాసిన పేరుని ఇది ఒకే మాటగా తీసుకుంటుంది. ‘క్వాంటిటీ’ పక్కన అండర్‌స్కోర్ పెట్టి ‘రిసీవ్డ్’ తప్పుగా రాస్తే దీని కంటికి ఆనదు. లోపమే కదా అంటారు. నిజమే, కానీ ఆ రాత్రి నేను ఎడిటర్‌ని నమ్ముకోకుండా దీన్ని వాడి ఉంటే మా ఫీల్డు పేరు అలాగే ఉండేది, ఉండి నుంచి ఫోనూ వచ్చేది కాదు. కామెంట్లు మాత్రమే బాగుచేయాలనుకునేవాడికి ఈ గుడ్డితనం కొంత కాపలా.

## టైపోస్

ఇది రస్ట్ భాషలో రాసింది, చాలా వేగం. పద్ధతి కోడ్‌స్పెల్ లాంటిదే, తెలిసిన తప్పుల జాబితా. తేడా ఏమిటంటే, మధ్యలో పెద్దక్షరాలతో కలిపి రాసినా, అండర్‌స్కోర్‌తో కలిపి రాసినా విడదీసి లోపలి మాటల్ని చూస్తుంది. ఫైలు పేర్లని కూడా వదలదు. కోడ్‌స్పెల్ దాటిపోయిన వేరియబుల్ పేర్లు చాలానే ఇది పట్టుకుంది.

చురుకైన ఎద్దుకి ముకుతాడు గట్టిగా ఉండాలి. దీనికి డబ్ల్యూ స్విచ్ ఇచ్చి నడిపేముందు ఒకసారి ఉత్తగా నడిపి, చూపించినవాటిలో యంత్రం చదివే పేర్లేవో ఏరి సెట్టింగుల ఫైల్లో మినహాయించండి. ఆ తర్వాతే రాయనివ్వండి. రాసినా కమిట్‌కి ముందు డిఫ్, అంటే ఏం మారిందో చూపే పట్టిక, మొత్తం కళ్లతో చదవాలి. ఇంకెవరో రాసిన లైబ్రరీని తెచ్చి మీ ఫోల్డర్లో పెట్టుకుని ఉంటే దాన్నీ, ప్రోగ్రాం తనంతట తను పుట్టించిన ఫైళ్లనీ అసలు చూడొద్దని చెప్పాలి. టెస్టుల్లో కావాలని తప్పు స్పెల్లింగు పెట్టిన చోట్లు కూడా ఉంటాయి. వెతుకులాట పెట్టె తప్పు మాటకి ఏం జవాబిస్తుందో చూసే టెస్టుని ‘దిద్దేస్తే’ ఇక ఆ టెస్టు పరీక్షించేది ఏమీ ఉండదు.

కోడ్‌స్పెల్, టైపోస్‌లలో ఒకటే ఎంచుకోమంటే పెద్ద ప్రాజెక్టుకి, క్రమశిక్షణ ఉన్న జట్టుకి టైపోస్ అంటాను. మొదటిసారి చేస్తున్నవాళ్లకి కోడ్‌స్పెల్.

## సీస్పెల్

వీఎస్ కోడ్ వాడేవాళ్లలో చాలామందికి ఇది ‘కోడ్ స్పెల్ చెకర్’ అనే ఎక్స్‌టెన్షన్‌గా తెలుసు. టైపు చేస్తుంటే మాట కింద గీత పడుతుంది. జాబితాలో లేని కొత్త తప్పుని కూడా పట్టేది ఈ జాతే. మా కుర్రాడొకడు ‘ఏరియేటర్’కి ఇంగ్లీషులో ఐదు రకాల స్పెల్లింగులు రాశాడు. జాబితా పరికరాలకి అవి తెలియవు, సీస్పెల్ ఐదింటినీ చూపించింది.

దీని ఖరీదు మొదటి రెండు రోజులు. ఊళ్ల పేర్లు, మేత కంపెనీల పేర్లు, మందుల పేర్లు, ‘పట్టుబడి’ లాంటి మన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నిటినీ ప్రాజెక్టు నిఘంటువులోకి ఎక్కించాలి. ఆ ఫైలుని గిట్‌లో పెట్టి అందరూ పంచుకుంటే తర్వాత హాయి. అసలు ప్రమాదం ఆ హాయిలోనే ఉంది. గీత పోవడానికి ‘నిఘంటువులో చేర్చు’ నొక్కడం చేతికి అలవాటైపోతుంది. మూడు నెలల తర్వాత మా నిఘంటువు తెరిస్తే చివర టీ, హెచ్ తారుమారైన ‘లెంగ్త్’ దర్జాగా కూర్చుని ఉంది. ఎవరు చేర్చారో గిట్ చెప్పింది. నేనే.

నాలుగక్షరాలకి తక్కువ మాటల్ని సీస్పెల్ మామూలుగా పట్టించుకోదు. అందుకే మూడక్షరాల చిన్న తప్పులు దీన్ని దాటిపోతాయి, జాబితా పరికరాలకి దొరుకుతాయి. రెండూ ఉంటే మేలని అనడానికి ఇదొక కారణం.

## వేల్

కోడ్ కోసం కాదు, వచనం కోసం పుట్టింది. మార్క్‌డౌన్, ఆస్కీడాక్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే రాత పద్ధతుల్లో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు కాబట్టి మధ్యలో ఉన్న కోడ్ ముక్కల జోలికి పోదు. మైక్రోసాఫ్ట్, గూగుల్ శైలి నియమాలు దీనికి సిద్ధంగా దొరుకుతాయి. మొదట్లో వాటిని మొత్తం తగిలించకండి, వాడుక పుస్తకం నిండా హెచ్చరికలే కనపడి మర్నాడే తీసేస్తారు.

నేను వేల్ ఉంచుకుంది ఒక్క కారణానికి. ధవళేశ్వరాన్ని ఇంగ్లీషులో మా నలుగురం నాలుగు రకాలుగా రాస్తాం. డీ తర్వాత ఓ పెట్టేవాడు ఒకడు, ఏ పెట్టేవాడు ఒకడు, హెచ్ చేర్చేవాడు ఇంకొకడు. 1852లో ఆనకట్ట పూర్తయిన ఊరు, కాలవల లెక్కలన్నీ అక్కణ్ణుంచే మొదలు. ఈ స్పెల్లింగుల్లో స్పెల్లింగు పరికరం ఏదీ తప్పనదు, లేదంటే అన్నీ తప్పంటుంది. వేల్‌లో ‘ఇది కనపడితే అది వాడమని చెప్పు’ అనే రకం నియమం రాసుకోవచ్చు. నరసాపురం, రాజమహేంద్రవరం, కోనసీమ, అన్నిటికీ అలా ఒక్కో రూపం తేల్చాం. ఒకే ఊరు రిపోర్టులో రెండు ఊళ్లుగా కనిపించే జబ్బు డాక్యుమెంటేషన్‌లో దాంతో పోయింది.

## మిగతావి, త్వరగా

విమ్‌లో ‘సెట్ స్పెల్’ అంటే చాలు. జెడ్, ఈక్వల్స్ నొక్కితే సలహాలు వస్తాయి. ఈమాక్స్‌లో తప్పులు చూపే ఫ్లైస్పెల్‌కి ప్రోగ్రామింగ్ రూపం ఒకటి ఉంది, కామెంట్లు, కొటేషన్లలోని మాటలు తప్ప వేరేవి చూడదు. చక్కటి ఆలోచన. ఒక్కరే రాసుకునే కోడ్‌కి ఇంతకంటే అక్కర్లేదు.

ఏఐకి ఫైలిచ్చి తప్పులు దిద్దమనడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. సందర్భాన్ని చూస్తుంది కాబట్టి ‘ఫ్రమ్’ రాయాల్సిన చోట ‘ఫామ్’ పడితే పట్టుకుంటుంది, పైవేవీ అది పట్టలేవు. కానీ స్పెల్లింగు దిద్దమంటే వాక్యం తిరగరాస్తుంది, ఒక్కోసారి అర్థమూ కదులుతుంది. మార్పులు చేయనివ్వకుండా తప్పుల పట్టిక మాత్రం ఇమ్మని అడగండి. కస్టమర్ కోడ్ బయటికి పంపొచ్చో లేదో ఒప్పందంలో చూసుకోండి.

## తెలుగులో రాసిన డాక్యుమెంటేషన్ సంగతి

ఇక్కడ పై పట్టిక పెద్దగా పనికిరాదు. హన్‌స్పెల్, ఆస్పెల్ అనే స్పెల్లింగు పరికరాలకి తెలుగు నిఘంటువులున్నాయి, లిబ్రే‌ఆఫీస్‌లో వాడుకోవచ్చు. చిక్కు మన భాష స్వభావంలో ఉంది. ‘గొడౌన్లోంచి’, ‘దించుకున్నామనుకుంటే’, ‘సరిచూసుకోవాల్సొస్తే’ లాంటివి ఏ నిఘంటువూ పూర్తిగా పట్టలేదు. పేజీకి సగం ఎర్రగీతలు పడితే మనిషి చూడ్డం మానేస్తాడు.

మా వాడుక పుస్తకంలో నిజంగా దొరికిన తప్పులు మూడు రకాలు. మొదటివి ఒత్తులు: దరఖాస్తు బదులు ‘ధరఖాస్తు’, బాధ బదులు ‘భాద’, సంఖ్య బదులు ‘సంక్య’. ఇవి పట్టుకోవడం తేలిక. రెండోవి రెండూ సరైన మాటలే అయిన జంటలు. ‘ఈ బటన్ అర్ధం’ అని రాశాడు మావాడు. అర్ధం అంటే సగం, వాడు అనుకుంది అర్థం. నిఘంటువుకి రెండూ తెలుసు, నోరెత్తదు.

మూడోది కంటికి కనపడనిది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తర్వాత వే విడిగా నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరం ఉండాలి. అది లేకపోతే వ కింద ఒత్తుగా దిగి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చూడ్డానికి చిన్న తేడా, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. వాడుక పుస్తకంలో ‘డౌన్‌లోడ్’ అని వెతికితే సగం పేజీలు రాకపోవడానికి కారణం అదేనని తెలియడానికి మాకు ఒక పూట పట్టింది. పైగా డౌన్‌లోడ్, డౌన్‌లోడు, డౌన్లోడ్, అందరివీ ఒప్పులే.

చివరికి మేం లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) పద్ధతి తెచ్చుకున్నాం. కెర్నెల్ కోడ్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్లో స్పెల్లింగు ఫైలొకటి ఉంటుంది. ఒక్కో లైన్లో తప్పు, రెండు నిలువు గీతలు, ఒప్పు. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ప్యాచ్‌ని, అంటే కొత్తగా వచ్చిన మార్పుని, ఆ జాబితాతో పోల్చి చూస్తుంది. మేమూ అచ్చంగా అలాంటి తెలుగు ఫైలు పెట్టుకున్నాం. రివ్యూలో ఎవరికి ఏ తప్పు కనపడినా ఒక లైను చేరుస్తారు. ఇప్పటికి నూట ఇరవై లైన్లు. అర్ధం, అర్థం లాంటి జంటలకి మాత్రం ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో చదవడమే. మా దగ్గర ఆ పని రిటైరైన తెలుగు మాస్టారొకరు చేసిపెడతారు, ఫీజు ఒక డజను పూతరేకులు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

అమలాపురంలోనో, భీమవరంలోనో ఇంజినీరింగ్ చదువుతూ ఓపెన్ సోర్స్‌లో మొదటి అడుగు వేద్దామనుకుంటున్నారా? స్పెల్లింగు దిద్దడం మంచి మొదలే. కాకపోతే 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగ ఇచ్చే టీషర్టు కోసం చాలామంది పనికిరాని చిన్న చిన్న మార్పులు కుప్పలుగా పంపి నిర్వాహకులు నియమాలే మార్చుకునేలా చేశారు, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే పంపాలన్నారు. ఆ విసుగు ఇంకా పూర్తిగా పోలేదు. కోడ్‌స్పెల్ నడిపి, ఒక ఫోల్డర్లోని కామెంట్లు మాత్రం తీసుకుని, ప్రతి మార్పూ మీ కళ్లతో చదివి, ఒకే పుల్ రిక్వెస్ట్‌గా పంపండి. లైనుకొకటి పంపొద్దు.

ఐదారుగురు ఉన్న జట్టు అయితే ఎడిటర్లో సీస్పెల్, సర్వర్లో టైపోస్. నిఘంటువులో కొత్త మాట చేరితే రివ్యూలో ఇంకొకరు చూడాలన్న నియమం పెట్టుకోండి, మా ‘లెంగ్త్’ గుర్తుంచుకుని.

పదేళ్ల పాత కోడ్ చేతికొచ్చినవాళ్లు ఒకేసారి మూడొందల ఫైళ్లు దిద్దేముందు గిట్ బ్లేమ్ గురించి ఆలోచించండి. రేపు దాంతో ఏదో లైను ఎవరు ఎందుకు రాశారని చూస్తే, అన్నిచోట్లా మీ స్పెల్లింగు కమిట్టే కనిపిస్తుంది. గిట్ 2.23 నుంచి, అంటే 2019 నుంచి, ఫలానా కమిట్‌లని బ్లేమ్‌లో లెక్కచేయొద్దని ఒక ఫైల్లో రాసిపెట్టే వీలుంది. దిద్దుబాట్లన్నీ వేరే ఏ పనీ కలవకుండా ఒకే కమిట్‌లో పెట్టి ఆ కమిట్ సంఖ్యని అందులో చేర్చండి. ఇలాంటి కోడ్‌కి సన్న కన్ను వల వద్దు, ఏరుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

డాక్యుమెంటేషన్ రాయడమే ఉద్యోగమైతే వేల్ ఒక్కటి చాలు, నియమాలు ఐదుతో మొదలుపెట్టి.

ఇక మా ఫీల్డు పేరు. పాత ఫోన్లలో యాప్ మార్చించడం మావల్ల కాలేదు, అందుకని అది తప్పు స్పెల్లింగుతోనే ఉంది, టైపోస్ సెట్టింగుల్లో మినహాయింపుతో. దాని పైన ఒక కామెంటు రాసి పెట్టాం: “ఈ స్పెల్లింగు తప్పని మాకు తెలుసు. ముట్టుకునేముందు ఉండి బాబాయ్ గారికి ఫోన్ చేయండి, పొద్దున్న ఐదున్నర తర్వాత.”